ర్యాంకు పడిందా, లెక్క మారిందా?

బెంగళూరు మారతహళ్ళిలో మూడు పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళు) నడిపే నెల్లూరాయన ఒకరున్నారు. ఆయన వెబ్‌సైట్‌నూ, గూగుల్‌లో దాని ర్యాంకునూ చూసుకునేది నేనే. 2025 సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "ఏందబ్బయ్యా, గ్రాఫు సగానికి కోసేసినట్టుందే! ఏం చేసినావు?"

నేనేమీ చేయలేదు. "రూముల కోసం ఫోన్లు తగ్గాయా అన్నా?" అని అడిగాను. "ఫోన్లు వస్తానే ఉండాయి, పిల్లకాయలు వచ్చి చూసుకుని పోతానే ఉండారు" అన్నారు. సగం టెన్షన్ అక్కడే పోయింది. మిగతా సగం కోసం లాప్‌టాప్ తెరిచాను. మీకూ ఇలాంటి ఫోన్ వస్తే ఏం చూడాలో, నేను చూసే వరసలోనే రాస్తున్నాను.

ఇంప్రెషన్లు సగానికి పడ్డాయి, సగటు స్థానం మాత్రం మెరుగైంది

సెర్చ్ కన్సోల్‌లో (మన సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో గూగులే చూపించే టూల్ ఇది) పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ తెరిచి, డివైస్‌ని డెస్క్‌టాప్‌కు మార్చి, సెప్టెంబరు 10కి ముందు రెండు వారాలనూ 15 తర్వాత రెండు వారాలనూ పక్కపక్కన పెట్టండి. ఇంప్రెషన్లు (ఫలితాల్లో మన లింకు ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క) పడిపోయి, సగటు స్థానం (ఆ ఫలితాల్లో ఎన్నో నంబరులో ఉన్నామన్నది, అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది) బాగుపడి, క్లిక్కులు దాదాపు అంతే ఉంటే మీ సైటుకు ఏ రోగమూ లేదు.

అప్పటిదాకా గూగుల్ వెతుకులాట అడ్రసు చివర 'నమ్ ఈక్వల్స్ 100' (&num=100) అని తగిలిస్తే ఒకే పేజీలో వంద ఫలితాలు వచ్చేవి. ఏ సైటు ఎన్నో స్థానంలో ఉందో చూసిపెట్టే ర్యాంక్ ట్రాకింగ్ టూల్స్ చాలావరకు దీన్నే నమ్ముకుని బతికాయి. ఆ నెల రెండో వారంలో అది పనిచేయడం మానేసింది. దాన్ని తాము అధికారికంగా సపోర్ట్ చేయడం లేదని గూగుల్ చెప్పింది.

మన గ్రాఫుకూ దీనికీ ఏమిటి సంబంధం? సెర్చ్ కన్సోల్ లెక్కలో, తెరుచుకున్న ఫలితాల పేజీలో మీ లింకు ఉంటే చాలు, అక్కడిదాకా ఎవరూ స్క్రోల్ చేయకపోయినా అది ఇంప్రెషనే. వంద ఫలితాల పేజీని టూల్ లాగినప్పుడల్లా 72వ స్థానంలో ఉన్న లింకుకు కూడా ఒకటి పడేది. అలా పోగైన లెక్కే ఇప్పుడు పోయిందని ఈ పనిలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది అంచనా.

చిన్న లెక్క వేసి చూడండి. నిజమైన మనుషుల వల్ల 8వ స్థానంలో 100 ఇంప్రెషన్లు, టూల్స్ వల్ల 72వ స్థానంలో ఇంకో 100 వచ్చాయనుకుందాం. మొత్తం 200, సగటు స్థానం 40. టూల్స్ తప్పుకున్నాయి. ఇంప్రెషన్లు 100కు పడ్డాయి, సగటు 8 అయింది. టూల్ క్లిక్ చేయదు కాబట్టి క్లిక్కుల గీత కదల్లేదు.

పరిష్కారం అంటూ పెద్దగా ఏమీ లేదు. రిపోర్టులో ఆ తేదీ దగ్గర ఒక గీత గీసి, కొత్త లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. పాత డేటా డౌన్‌లోడ్ చేసి దాచుకోండి, సెర్చ్ కన్సోల్ 16 నెలలకు మించి ఉంచదు. ఇంకొక మాట: ఆ నెల మెరుగైన సగటు స్థానాన్ని చూపించి క్లయింటు దగ్గర మార్కులు కొట్టేయకండి. నాకూ ఆ ఆశ పుట్టింది, కాదనను.

టూల్‌లో 20 తర్వాత ర్యాంకులన్నీ ఖాళీ

ఇదీ ఆ మార్పు తోకే. వంద ఫలితాలకు ఒక్కసారి అడిగితే సరిపోయేది, ఇప్పుడు పదిసార్లు అడగాలి. ఖర్చు పెరిగేసరికి కొన్ని టూల్స్ లోతు తగ్గించుకున్నాయి. సెట్టింగుల్లో ఎన్ని ఫలితాల వరకు చూస్తోందో చూడండి. 63వ ర్యాంకు 58 అయిందా అని రోజూ చూసుకోవడం వల్ల ఒక్క మంచం కూడా నిండదు. మొదటి 20 రోజూ, మిగతావి నెలకోసారి చాలు. పాత టూల్ ఇంకా 'గూగుల్ డాట్ కో డాట్ ఇన్' మీదే ఉంటే అదీ మార్చేయండి. దేశాలవారీ అడ్రసులను డాట్ కామ్‌కు మళ్ళిస్తున్నట్టు గూగుల్ 2025 ఏప్రిల్‌లోనే ప్రకటించింది.

టూల్ మూడో ర్యాంకు అంటుంది, ఓనరు ఫోన్లో అసలు కనబడదు

బెంగళూరులో ఎక్కువ గొడవ దీనితోనే. 'పీజీ నియర్ మీ' అని కుందలహళ్ళి గేటు దగ్గర నిలబడి వెతికితే ఒక జాబితా, మున్నేకొళాలలో వెతికితే ఇంకో జాబితా. మ్యాప్ ఫలితాలకు గూగుల్ చెప్పే మూడు కొలతల్లో దూరం ఒకటి. మీ టూల్‌లో లొకేషన్ 'బెంగళూరు' అని మాత్రమే ఉంటే అది ఊరు మధ్యలో ఎక్కడో నిలబడి చూసినట్టు. లొకేషన్‌ను ఏరియా, పిన్‌కోడ్ స్థాయికి దించండి. మొబైల్, డెస్క్‌టాప్ విడివిడిగా పెట్టండి. మ్యాప్ ర్యాంకునూ మామూలు లింకు ర్యాంకునూ ఒకే గడిలో కలపకండి.

ఓనరు సొంత ఫోన్లో చూసిన ర్యాంకును లెక్కలోకి తీసుకోవద్దు. ఆయన కూర్చునేదే పీజీ రిసెప్షన్‌లో. అక్కణ్ణుంచి చూస్తే ఎవరి పీజీ అయినా మొదటే వస్తుంది.

ర్యాంకు కదల్లేదు, క్లిక్కులు తగ్గాయి

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడ పోతున్నది నిజమైన మనుషులు.

మన దేశంలో 2024 ఆగస్టు నుంచి ఫలితాల పైన ఏఐ ఓవర్‌వ్యూలు (గూగుల్ ఏఐ రాసిచ్చే జవాబులు) వస్తున్నాయి. పీజీ అడ్వాన్సు ఎంత ఉంటుంది, ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి అని నేను రాసిన పేజీ రెండో స్థానంలోనే ఉంది, కానీ చదివేవాళ్ళు తగ్గారు. జవాబు పైనే దొరుకుతుంటే కిందికి ఎవరొస్తారు? పైగా ఆ ఓవర్‌వ్యూలో మీ లింకు ఉన్నా సెర్చ్ కన్సోల్ దాన్ని విడిగా చూపించదు. అందులోని లింకులన్నిటికీ ఒకే స్థానం వేస్తుంది. అందుకే అక్కడ కనబడే '1' చూసి మురిసిపోకూడదు.

సెర్చ్ కన్సోల్‌లో క్వెరీల (జనం వెతికిన మాటల) జాబితాలో స్థానం మారకుండా క్లిక్కుల శాతం పడినవి ఏరి, ఒక్కొక్కటీ ఇన్‌కాగ్నిటోలో వెతికి, మీ లింకు పైన ఏమేం కూర్చున్నాయో చూడండి. ఏఐ జవాబా, మ్యాపా, యాడ్లా? తెలిసిన సంగతే చెప్పే పేజీలను నేను వదిలేశాను. ఈ నెల అద్దె, మూడు షేరింగ్ రూము అసలు ఫోటో, ఆదివారం భోజనంలో ఏం పెడతారు అన్న పేజీల మీద కూర్చున్నాను.

అన్నీ పడ్డాయి: ర్యాంకూ, క్లిక్కులూ, ఫోన్లూ

ముందు మన ఇల్లు చూసుకోవాలి. సైటుకు కొత్త డిజైన్ వేసినప్పుడు 'నోఇండెక్స్' (ఈ పేజీని ఫలితాల్లో చూపించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) తీయడం మరిచిపోయారేమో సెర్చ్ కన్సోల్‌లోని యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో చూడండి. నేనొకసారి మరిచిపోయాను, నాలుగు రోజులు గూగుల్‌నే తిట్టుకున్నాను.

అది కాకపోతే గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డ్‌లో కోర్ అప్‌డేట్ (ర్యాంకులిచ్చే పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) నడుస్తోందేమో చూడండి. 2024 మార్చి అప్‌డేట్ పూర్తవడానికి 45 రోజులు పట్టింది. మధ్యలో ర్యాంకులు లేస్తూ పడుతూ ఉంటాయి. అప్‌డేట్ ముగిశాక కనీసం వారం ఆగి అప్పుడు పోల్చుకోమని గూగులే చెబుతుంది. ఆ లోపల నేను టైటిళ్ళు ముట్టుకోను. ఓనరుకు మాత్రం ఫలానా తేదీన కూర్చుని మాట్లాడదామని చెప్పేస్తాను, లేకపోతే రోజూ పొద్దున్నే ఫోనే.