గోడ కడిగే ముందు అరచేత్తో రుద్ది చూడండి

వానాకాలం వెళ్లాక పిట్టగోడల మీద నల్లటి చారలు కనిపించగానే చాలామంది నీటిని బలంగా చిమ్మే యంత్రం, ప్రెషర్ వాషర్, అద్దెకు తెస్తారు. కాస్త ఆగండి. ఆరిన గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో, సత్తువ తగ్గిన పాత రంగో. దానిమీద అంత వేగంగా నీళ్లు కొడితే రంగు పెచ్చులుగా లేస్తుంది, సన్నటి పగుళ్లలోంచి తడి లోపలికి చేరుతుంది. మా పడకగది గోడ అలాగే చెమ్మగిల్లి నెలరోజులు ఆరలేదు.

ఆ నలుపు చాలావరకు నాచూ బూజూ. పైపైన కడిగితే మళ్లీ వస్తుంది. 10 లీటర్ల నీటిలో 200 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి, పైకి తేరిన నీటినే వాడండి. చేతికి తొడుగులు తప్పనిసరి. గోడను, పక్కనున్న మొక్కలను ముందే బాగా తడపండి. కింది నుంచి పైకి పూయండి. పైనుంచి పూస్తే కారిన చారలు మరకలుగా నిలిచిపోతాయి. పావుగంటాగి నైలాన్ బ్రష్‌తో రుద్ది, పైనుంచి కిందికి కడగండి. బాత్రూం యాసిడ్ మాత్రం ఇందులో ఎప్పుడూ కలపవద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ప్రెషర్ వాషర్‌ను సిమెంటు వాకిలికి, గ్రానైట్ మెట్లకు ఉంచుకోండి.