లార్జ్ ఫార్మాట్ పాఠాలు – 4: టోక్యోలో సెకండ్ హ్యాండ్ కెమెరా చూసి కొనడం

పోయిన పాఠంలో ఒక ఇంటిపని ఇచ్చాను. అట్టముక్కలో నాలుగంగుళాలు, ఐదంగుళాల కొలతతో ఒక కిటికీ కోసి, దాన్ని కంటికి 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని వారం రోజులు మీ వీధులు చూడమన్నాను. చేసినవాళ్లకు తమ చూపు సంగతి కొంత తెలిసే ఉంటుంది. 15 సెంటీమీటర్ల దగ్గర హాయిగా అనిపిస్తే మీకు 150 మి.మీ. లెన్స్ కావాలి. అట్టను మాటిమాటికీ ముఖానికి దగ్గరగా, 9 సెంటీమీటర్లకు లాక్కుంటే మీది 90 మి.మీ. చూపు. దూరంగా 21 సెంటీమీటర్లకు జరిపినవాళ్లు 210 వైపు వెళ్లాలి. ఆ అట్టముక్కను పారేయకండి, షాపుకి వెళ్లేటప్పుడు జేబులో ఉండాలి.

ఈసారి లార్జ్ ఫార్మాట్ కెమెరా, అంటే పెద్ద ఫిల్మ్ షీట్లు ఒక్కొక్కటిగా వాడేది, కొందాం. టోక్యో ఎందుకంటే, నాకు బాగా తెలిసిన బజారు అదే. ఉద్యోగం మీద వెళ్లిన చాలామంది తెలుగువాళ్లలాగే నేనూ నిషికసాయ్‌లో ఉండేవాణ్ని. అక్కడ తోజాయ్ లైన్ ఎక్కితే ఆ లైను చివరి స్టేషన్ నకానో. ఉత్తరం వైపు దిగి నాలుగడుగులు వేస్తే ఫుజియా కెమెరా అనే షాపు. అక్కణ్నుంచి చూవో లైన్ రాపిడ్ రైల్లో ఒక్క స్టేషన్ వెనక్కి వస్తే షింజుకు, అక్కడ ఇంకా పెద్ద షాపులు. స్టూడియోలు డిజిటల్‌కి మారినప్పుడు వదిలేసినవి, పెద్దవాళ్లు వయసు మీదపడి బరువు మోయలేక అమ్మేసినవి, చాలా శ్రద్ధగా వాడిన కెమెరాలు అక్కడి అద్దాల బీరువాల్లో ఉంటాయి. నెట్‌లో ఫొటో చూసి తెప్పించుకోవడానికీ, చేత్తో తిప్పి చూసి తీసుకోవడానికీ నేలకీ నింగికీ ఉన్నంత తేడా ఉంది. ఎందుకో కిందికి వెళ్లేకొద్దీ మీకే తెలుస్తుంది.

ముందు సైజు. మొదటి కెమెరా 4x5 (అంగుళాల్లో షీటు కొలత) మాత్రమే కొనండి. జపాన్‌వాళ్లు దీన్ని షినోగో అంటారు. షి అంటే నాలుగు, గో అంటే ఐదు. 8x10ని బైటెన్ అంటారు. బైటెన్ గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ పడే గరుకు గాజు) మీద బొమ్మ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ ఒక్కో షీటు 4x5కి నాలుగింతలు. ఫిల్మ్ ఖర్చూ అంతే, చేసే ప్రతి తప్పు ఖరీదూ అంతే. నేర్చుకునే రోజుల్లో తప్పులు చేయాలి, చేతికి భయం ఉండకూడదు. 4x5 షీటు కూడా చిన్నదేమీ కాదు, మామూలు 35 మి.మీ. ఫ్రేముకి పదమూడు రెట్ల పైచిలుకు.

తర్వాత రకం. మోనోరైల్ అంటే ఒక కడ్డీ మీద ముందు పలక, వెనక పలక జరిగేది. సినార్, కాంబో, టోయో 45జీ లాంటివి. అన్ని వైపులకూ వంగుతుంది, చవకగానూ దొరుకుతుంది, కానీ భుజాన వేసుకుని తిరిగేది కాదు. ఇంట్లోనో స్టూడియోలోనో వస్తువులు, మనుషుల్ని తీసేవాళ్లకు మంచి బేరం. ఊళ్లు, కొండలు, చెరువులు తీయాలనుకుంటే ఫీల్డ్ కెమెరా. మడిస్తే పెట్టెలా అయిపోతుంది. తచిహారా, విస్టా వాళ్ల చెక్క కెమెరాలు కిలోన్నర, రెండు కిలోల మధ్య ఉంటాయి. టోయో 45ఏ లాంటి లోహపువి మూడు కిలోలకు దగ్గర, కానీ చాలా గట్టివి. నా మాటైతే చెక్క ఫీల్డ్ కెమెరా. బరువు తక్కువైతేనే దాన్ని ఇంట్లోంచి బయటికి తీస్తాం.

ఇక అసలు సంగతికి వద్దాం. కొత్తగా కొనేవాళ్లు కెమెరా ఒంటిని చూస్తారు. చెర్రీ కలప మెరుపు, ఇత్తడి మరలు చూసి మనసు పారేసుకుంటారు. ఫిల్మ్ మీద బొమ్మ పడేది మాత్రం లెన్స్, షట్టర్, బెలోస్ (లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య వెలుతురు చొరకుండా ఉండే తిత్తి) ఈ మూడింటి వల్లే. మీ బడ్జెట్‌లో సగం లెన్స్‌కి ఉంచండి, షాపులో గడిపే సమయంలో ముప్పాతిక వంతు ఈ మూడింటి మీదే పెట్టండి.

లార్జ్ ఫార్మాట్‌లో షట్టర్ కెమెరాలో ఉండదు, లెన్స్‌లో ఉంటుంది. జపాన్ లెన్సుల్లో ఎక్కువగా కనిపించేది కోపాల్ షట్టర్. ఇందులో మూడు సైజులు. 0 నంబరులో గరిష్ఠ వేగం 1/500, 1 నంబరులో 1/400, 3 నంబరులో 1/125. అందరూ ఆ పై వేగాలు నొక్కి చూసి తృప్తిపడతారు. నేనూ అదే చేశాను. మొదటి లెన్స్, 210 మి.మీ., ఒక చిన్న షాపులో కొన్నాను. 1/60, 1/125 నొక్కితే టక్కుమని కొట్టుకుంది, డబ్బు కట్టేశాను. ఆ ఆదివారం సాయంత్రం అరకావా నది గట్టున రెల్లు పొదలు తీస్తూ ఒక సెకను పెట్టి నొక్కాను. తెరుచుకున్న రేకులు మూసుకోలేదు. జుర్రుమంటూ మొదలైన చప్పుడు మధ్యలోనే ఆగిపోయింది. ఆ షీటు డెవలప్ చేస్తే బొగ్గులా నల్లగా వచ్చింది. సర్వీసుకి ఇస్తే నెల రోజులు పట్టింది.

మనం వాడేది ఎక్కువగా నెమ్మది వేగాలే. లెక్క చూడండి. ఐఎస్‌ఓ 100 ఫిల్మ్, మిట్టమధ్యాహ్నం ఎండ అయితే ఎఫ్/16 దగ్గర 1/100. మనకు లోతు, అంటే దగ్గరవీ దూరంవీ అన్నీ స్పష్టంగా, కావాలి కాబట్టి ఎఫ్/32కి మూస్తాం, అంటే 1/25. చెట్టు నీడలోకి వస్తే మరో మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకి సమయం రెట్టింపు), అంటే సెకనులో మూడో వంతు. పసుపు ఫిల్టర్ పెడితే దానికి రెట్టింపు. 1/400 జీవితంలో ఎన్నిసార్లు వాడతామో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక సెకను, అర సెకను, పావు సెకను మాత్రం రోజూ కావాలి. పాత జిడ్డు గట్టిపడి మొరాయించేవి కూడా సరిగ్గా ఇవే.

అందుకని పరీక్ష ఇలా చేయండి. ముందు అడగండి: "షత్తా ఓ కిత్తే మో ఈ దెస్ కా?" షట్టర్ నొక్కొచ్చా అని అర్థం. మాటకు మాట చూస్తే షట్టర్ కోయొచ్చా అని, వాళ్ల భాషలో షట్టర్‌ను కోస్తారు. ఒప్పుకున్నాక షట్టర్‌ను ఎక్కించి, ఒక సెకనుతో మొదలుపెట్టి పైకి వెళ్లండి. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల పళ్లచక్రం తిరిగే చప్పుడు ఒకే తీరుగా, కుట్టుమిషన్ నిదానంగా తొక్కినట్టు వినిపించాలి. నత్తినత్తిగా సాగితే వద్దు. ఫోన్‌లో చప్పుడు రికార్డ్ చేస్తే తెరుచుకున్న క్షణం, మూసుకున్న క్షణం గీతల్లో విడివిడిగా కనిపిస్తాయి, మధ్య దూరం కొలుచుకోవచ్చు. ప్రతి వేగం మూడుసార్లు నొక్కండి. మూడుసార్లూ ఒకేలా ఉంటే, ఒక సెకను బదులు 1.2 సెకన్లు వచ్చినా నష్టం లేదు, ఒక చీటీ మీద రాసుకుని ఎక్స్‌పోజర్‌లో సర్దుకుంటాం. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

గాజు చూడటానికి చిన్న టార్చ్ చాలు. షట్టర్‌ను తెరిచి ఉంచి, వెనక నుంచి వెలుగు ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సన్నటి వేర్లలా, సాలెగూడు పోగుల్లా కనిపిస్తే బూజు. ధరచీటీ మీద దాన్ని కబి అని రాస్తారు. పల్చటి పొగమంచులా ఉంటే కుమోరి. అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మరక ఉంటే రెండు గాజుల్ని అతికించిన బంక విడిపోతోందన్నమాట, దానికి బరుసాము గిరె అంటారు. బూజున్న లెన్స్‌ను నేనైతే ముట్టుకోను, మన కోస్తా ఉక్కపోతలో అది ఇంకా పెరుగుతుంది. లోపలి అంచున తెల్లటి చుక్కలు వరసగా కనిపిస్తే కంగారు వద్దు. అది నల్లరంగు పెచ్చులూడటం, ముఖ్యంగా పాత ష్నైడర్ లెన్సుల్లో ఉంటుంది, బొమ్మకు దాదాపు ఏమీ కాదు. ధర తగ్గించి పెడతారు కాబట్టి అలాంటిది దొరికితే అదృష్టమే. నికాన్ 2006లోనే లార్జ్ ఫార్మాట్ లెన్సులు ఆపేసింది. అయినా నిక్కోర్, ఫుజినాన్ లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో పుష్కలం, ఈ రెండింటిలో ఏదైనా కళ్లు మూసుకుని నమ్మొచ్చు. పరీక్ష మాత్రం కళ్లు తెరిచే చేయాలి.

బెలోస్ అంటే కమ్మరి కొలిమి తిత్తిలా మడతలు మడతలుగా ఉండేది. జబరా అంటారు. దానికి చిల్లులు పడేది దాదాపు ఎప్పుడూ మడతల మూలల్లోనే, సూదిమొన అంత. ఆ ఒక్క చిల్లు చాలు, ఫిల్మ్ మీద మసక మచ్చ పడటానికి. నేను వెళ్లేటప్పుడు గజంన్నర నల్ల నూలుగుడ్డ, తాళంచెవికి తగిలించే టార్చ్ పట్టుకెళతాను. బెలోస్‌ను పూర్తిగా సాగదీసి, వెనక గ్రౌండ్ గ్లాస్ పలక తీసి, టార్చ్ లోపల పెట్టి, కెమెరాతో సహా గుడ్డ కిందికి దూరతాను. అర నిమిషం ఆగండి, కళ్లు చీకటికి అలవాటుపడాలి. తర్వాత టార్చ్‌ను ఒక్కో మూలకీ జరుపుతూ నాలుగు వైపులా చూడండి. నక్షత్రంలా మెరిస్తే చిల్లే. ఒకటి రెండైతే నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్‌తో పూడ్చుకోవచ్చు. మూలలన్నీ మెరిస్తే కొత్త బెలోస్ ఖర్చు కలుపుకుని ధర చూడాలి. మొదటిసారి ఇలా గుడ్డ కిందికి వెళ్లినప్పుడు షాపు పెద్దాయన ఏమంటారో అని టెన్షన్ పడ్డాను. ఆయన లేచి వెళ్లి నా తల మీద ఉన్న లైటు ఆర్పేసి వచ్చారు.

బెలోస్ ఎంత సాగుతుందో కూడా అడగండి. చాలా చెక్క ఫీల్డ్ కెమెరాలకు అది 300 మి.మీ. చుట్టూ ఉంటుంది. 150 లెన్స్‌తో అసలు సైజులో ఒక పువ్వు తీయాలంటే సరిగ్గా 300 కావాలి. 210తో మీటరున్నర దూరంలో కూర్చున్న మనిషిని తీయాలంటే 244 చాలు. కానీ 300 లెన్స్‌తో మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేయాలంటే 333 కావాలి, అంత బెలోస్ ఉండదు. పొడవు లెన్స్ మీద మోజున్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించుకోండి.

లెన్స్ బోర్డు, అంటే లెన్స్‌ను కెమెరాకి బిగించే పలక, చిన్న విషయం, కానీ ఇది మరిచిపోయి ఇంటికొచ్చినవాళ్లు చాలామంది. లింహాఫ్ కొలత, అంటే 96x99 మి.మీ. బోర్డు విస్టా, తచిహారా లాంటి వాటికి సరిపోతుంది. టోయో, హార్స్‌మన్ వాటికి వేరే. బోర్డు చిల్లు మీ షట్టర్ నంబరుకి సరిపోవాలి. లెన్స్, బోర్డు, కెమెరా మూడూ షాపులోనే బిగించి, గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ చూశాకే డబ్బు తీయండి. జేబులోని అట్టముక్కతో అదే దిక్కుకి చూసి పోల్చుకోండి.

హోల్డర్లు, అంటే ఫిల్మ్ షీట్లు పెట్టి కెమెరా వెనక దూర్చేవి, అయిదారు చాలు. షీటును వెలుతురు నుంచి కాపాడే నల్లరేకు వంగలేదని, అడుగున మడతపడే రెక్క దగ్గర టేపు చిరగలేదని చూసుకోండి. ధరచీటీ మీద జంక్ అని ఉంటే గ్యారంటీ లేదు, వెనక్కి తీసుకోరు. బేరం అక్కడ పద్ధతి కాదు. టూరిస్టులకు 10 శాతం వినియోగ పన్ను మినహాయింపు ఉంది, పాస్‌పోర్ట్ చూపించాలి. 2026 నవంబర్ 1 నుంచి మాత్రం ముందు పన్నుతో సహా కట్టి, దేశం వదిలేటప్పుడు వెనక్కి తీసుకునే పద్ధతి. అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకు ఈ మినహాయింపు లేదు. బిల్లు భద్రంగా ఉంచండి, మన కస్టమ్స్‌లో అడుగుతారు.

ఫిల్మ్ కొంటే చెక్ ఇన్ లగేజీలో పెట్టకండి. చేతి బ్యాగుకి వాడే కొత్త సీటీ స్కానర్లు కూడా ఫిల్మ్‌ను మసకబారుస్తాయి, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. పెట్టె సీలు తీయకుండా ఉంచండి. తీసిన పెట్టెను ఎవరైనా వెలుతురులో తెరిచారంటే లోపలున్న షీట్లన్నీ పోయినట్టే.

వచ్చే పాఠం చీకట్లో ఫిల్మ్ ఎక్కించడం. దానికి మీ దగ్గర ఒక హోల్డర్, పాడైపోయినా బాధలేని ఒక షీటు ఉండాలి. షీటు ఒక మూల అంచున చిన్న గాట్లు ఉంటాయి. వెలుతురులోనే కూర్చుని, గాట్లు కుడివైపు పైమూలలో ఉండేలా పట్టుకుని, చూపుడువేలితో తడుముతూ ఉండండి. కళ్లు మూసుకున్నా ఆ మూల ఎక్కడుందో వేలు చెప్పగలిగేదాకా.