కొత్త వైఫై రూటర్ పెట్టేముందు

డబ్బా మీద రాసిన స్పీడు చూసి రూటర్ కొనెయ్యకండి. ముందు ఇంట్లో ఏముందో చూసుకోండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఆ సన్నటి తీగ వచ్చి చేరేది ఓఎన్‌టీ అనే పెట్టెలోకి, తీగలో వచ్చే వెలుగుని ఇంటర్నెట్ సిగ్నల్‌గా మార్చేది అదే. మామూలు రూటర్‌కి ఆ తీగ పెట్టే చోటే ఉండదు. కాబట్టి ఆ పెట్టెని పీకేసి కొత్త రూటర్ పెడదామంటే కుదరదు, ఓఎన్‌టీ నుంచి లాన్ కేబుల్‌తో రూటర్‌కి కలపాలి. రూటర్ పోర్టులు గిగాబిట్‌వేనా (అంటే 1000 ఎంబీపీఎస్‌వేనా) అని షాపులో గట్టిగా అడగండి. చవక రకాల్లో చాలావాటికి 100 ఎంబీపీఎస్ పోర్టులే ఉంటాయి, మీరు 300 ప్లాను కట్టినా 100 దాటి రాదు. కేబుల్ మీద క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని అచ్చు ఉండాలి.

స్మార్ట్ బల్బులు, చిన్న కెమెరాలు, పాత ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీదే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. రెండూ ఉన్నదే తీసుకోండి.

ఇక అసలు భయం పాస్‌వర్డ్ దగ్గరే. మన ఇళ్ళలో వైఫై పాస్‌వర్డ్ అంటే ఇంటాయన ఫోన్ నంబరే. దయచేసి అది మానేయండి. ఎక్కువ ఇళ్ళలో వైఫైకి తాళంలా ఉండే డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతిలో, ఫోను రూటర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు గాల్లో వెళ్ళే సమాచారాన్ని పక్కింటి నుంచే పట్టుకోవచ్చు. తర్వాత దాన్ని పట్టుకున్నవాడు మీ రూటర్ జోలికి రాకుండానే, తన కంప్యూటర్లో ఒక్కో పాస్‌వర్డూ వేసి చూసుకోవచ్చు. మన మొబైల్ నంబర్లు 6 నుంచి 9 లోపు అంకెతోనే మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డుకి అది కొన్ని గంటల పని. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాయండి, గుర్తూ ఉంటుంది, దొరకడమూ కష్టం.

రూటర్ సెట్టింగుల్లో సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 (దానికంటే కొత్త పద్ధతి) ఉంటే పెట్టండి. పాత ఫోను కనెక్ట్ కాకపోతే డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్న మోడ్ చాలు. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి మాత్రం వద్దు, అది 2001లోనే బద్దలైంది. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కనెక్ట్ చేసే డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ని రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది, 11 వేల ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లో బయటపడింది.

రూటర్ సెట్టింగుల లాగిన్ వేరు, వైఫై పాస్‌వర్డ్ వేరు. అడ్మిన్, అడ్మిన్ అని వదిలేసినవాళ్ళు ఈరోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది ఇలాంటి మార్చని పాస్‌వర్డ్‌లతోనే. రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి ఇంటర్నెట్ ద్వారా రూటర్ సెట్టింగులు మార్చే వీలు) ఆఫ్‌లో ఉందో లేదో చూసి, ఫర్మ్‌వేర్ అంటే రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. చుట్టాలకీ, కెమెరాలకీ మీ అసలు వైఫై కాకుండా గెస్ట్ నెట్‌వర్క్ అనే వేరే వైఫై ఇవ్వండి.

పాత రూటర్ ఎవరికైనా ఇచ్చేస్తుంటే రీసెట్ బటన్‌ని పిన్నుతో నొక్కిపట్టి, లైట్లు ఆరి మళ్ళీ వెలిగాకే ఇవ్వండి. మీ పాస్‌వర్డ్‌లన్నీ అందులోనే ఉంటాయి.