వేషం కోసం గుర్రానికి రంగులు: ఏది వేయాలి, ఎక్కడ ఆపాలి

గుర్రానికి ఒంటినిండా చెమట పడుతుంది. ఆ చెమట ఆరితేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. అందుకే ఎంత ముచ్చటగా కనిపించినా సరే, ఒళ్లంతా రంగు పూయకూడదు. చారలు, చుక్కలు, పూలు, అస్థిపంజరం బొమ్మ లాంటివి ఎంచుకుని మధ్యమధ్య వెంట్రుకను ఖాళీగా వదలండి. ఎండ మండిపోయే రోజున అసలు ఈ పనే పెట్టుకోవద్దు.

పిల్లలు వాడే, నీళ్లతో కడిగితే పోయే టెంపెరా రంగు దీనికి సరిపోతుంది. డబ్బా మీద 'విషరహితం' అని ఉంటే చాలదు, 'వాషబుల్' అని కూడా ఉండాలి. విషరహితమని రాసి ఉన్న అక్రిలిక్ రంగులు కూడా దొరుకుతాయి. కానీ ఆరాక అవి ప్లాస్టిక్ పొరగా బిగుసుకుని వెంట్రుకల్ని పట్టేస్తాయి, కడిగినా వదలవు. ఆయిల్ పెయింట్, గోడలకు కొట్టే స్ప్రే, అమోనియా లేదా పెరాక్సైడ్ ఉన్న హెయిర్ డై అసలే వద్దు. పొడి రంగు చల్లితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గ్లిట్టర్ కంట్లో పడితే కనుగుడ్డు గీసుకుపోవచ్చు.

ముందు పరీక్ష చేయాలి. భుజం మీద రెండు వేళ్ల వెడల్పున ఒక్కో రంగునూ విడివిడిగా పూయండి. వేషం ఎన్ని గంటలు ఉంచాలనుకుంటున్నారో అన్ని గంటలు ఉంచి కడిగేయండి, 24 గంటల తర్వాత మళ్లీ చూడండి. దద్దుర్లు, వాపు, వేడి కనిపించినా, గుర్రం అక్కడే రుద్దుకుంటున్నా ఆ రంగు పక్కన పెట్టేయాలి. తెల్ల మచ్చల కింద చర్మం గులాబీ రంగులో ఉండి సున్నితంగా ఉంటుంది కాబట్టి, అక్కడ వేయాలనుకుంటే అక్కడా పరీక్షించండి. ఎరుపు, నీలం, ఊదా తెల్లటి వెంట్రుకను పట్టుకుని ఒక పట్టాన వదలవని కూడా ఈ పరీక్షలోనే తేలిపోతుంది.

వేసే రోజు మొదట బాగా బ్రష్ చేసి దుమ్ము దులపండి. దుమ్ము మీద వేసిన రంగు పెచ్చులుగా రాలిపోతుంది. 3 వంతుల రంగుకు 1 వంతు నీళ్లతో మొదలుపెట్టి, కుంచె ఎత్తితే కారకుండా మెల్లగా జారేలా కలపండి. చిక్కగా ఉంటే ఎండి పగులుతుంది, పలచనైతే గీత కిందికి కారుతుంది.

ఒకరు తాడు పట్టుకోవాలి, ఒకరు వేయాలి. మొదట పొడి కుంచెతో ఒళ్లు నిమరండి. అది కుదురుగా నిలబడితే తడి కుంచె పెట్టండి. చెవులు వెనక్కి వాల్చినా, తోక విసిరినా, చర్మం జలదరించినా ఆగాలి. డొక్కల దగ్గర చాలా గుర్రాలకు చక్కిలిగిలి. అక్కడ చిన్న కుంచె కంటే కాస్త అదిమి పెట్టే స్పాంజ్ నయం.

అస్థిపంజరం నల్ల గుర్రం మీద తెల్ల రంగుతో బాగా కుదురుతుంది. ముందు సుద్దతో గీసుకుని, వెంట్రుక వాలు వెంబడే కుంచె లాగండి. గుర్రానికి మామూలుగా 18 జతల పక్కటెముకలుంటాయి. అన్నీ వేయనక్కర్లేదు, ఒక్కో పక్క ఏడెనిమిది చాలు. స్వారీ చేసేట్టయితే జీను, పొట్ట కింద బిగించే పట్టీ, కళ్లెం వారులు తగిలే చోట రంగే ఉండకూడదు. ఎండిన రంగు చెమటతో కలిసి గరుకు కాగితంలా ఒరుసుకుని పుండు చేస్తుంది. కంటి గుంట గీయాలని సరదా పడతారు గానీ కంటికి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఆగండి. ముక్కు రంధ్రాలు, పెదవులు, చెవి లోపలి భాగం, తోక కింద, పొదుగు, మర్మాంగం, గాయాలు, పుండ్లు వీటి జోలికి వెళ్లొద్దు.

రంగు ఉన్నంతసేపూ ఒక మనిషి దగ్గరుండాలి. వదిలేస్తే తన డొక్కలూ కాళ్లూ తనే నాక్కుంటుంది, పక్క గుర్రాలూ నాకుతాయి.

పని అయ్యాక అదే రోజు కడిగేయాలి. గోరువెచ్చని నీళ్లు కాళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి పోయండి, రంగు కాసేపు నాననివ్వండి. గుర్రాల షాంపూతో రుద్ది, నురగ పూర్తిగా పోయేదాకా కడగండి. మిగిలిపోయిన షాంపూ కూడా దురద పుట్టిస్తుంది. ముఖానికి తడి గుడ్డ చాలు. చలికాలంలో కడిగి ఆరబెట్టే వీలు లేకపోతే రంగు మానేసి, బ్రష్‌తో రాలిపోయే సుద్దతోనే సరిపెట్టండి. ఎక్కడైనా మరక మిగిలితే బ్లీచ్, కిరోసిన్, థిన్నర్ వాడకండి. తర్వాతి స్నానాల్లో తగ్గుతుంది, అప్పటికీ పోనిది పాత వెంట్రుక రాలినప్పుడు దాంతోపాటే పోతుంది.