బంపర్‌కి బెజ్జం కొట్టకుండా ముందు నంబర్ ప్లేట్

స్పోర్ట్స్ కారుకి ముందు ప్లేట్ పెట్టే చదును చోటే ఉండదు, డ్రిల్ చేపిస్తే బంపర్‌కి ఆ బెజ్జాలు అట్లే ఉండిపోతాయి. నేను టో హుక్ (ఆగిపోయిన కారుని లాగేదానికి బిగించే కొక్కెం) మరలో పట్టే బ్రాకెట్ వేసినా. బంపర్‌లో ఒక పక్క చిన్న మూత ఉంటాది, స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి మెల్లిగా లేపి, లోపలి మరలో బ్రాకెట్ రాడ్ బిగించి, దానికే 500×120 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఆర్‌పీ (హై సెక్యూరిటీ నంబర్) ప్లేట్ వేయించుకోండి, ప్లేట్‌ని పట్టుకునే స్నాప్ లాక్ ఒకసారి పడితే మళ్ళీ ఊడదు కాబట్టి లెవెల్ ముందే చూసుకోవాల. ప్లేట్ వెనక మూలలకి ఫోమ్ టేప్ ముక్కలు అంటించినా, అలిపిరి దాటి ఘాట్ ఎక్కేటప్పుడు వచ్చే టకటక చప్పుడు పోయింది. కొన్ని కార్లకి మర ఎడమ వైపుకి తిప్పితేనే బిగుస్తాది, బలవంతంగా తిప్పితే పాడైపోతాది, అందుకే ముందు కారుతో వచ్చిన టో హుక్‌నే తిప్పి చూడండి. ఆ పక్కనే పార్కింగ్ సెన్సర్ ఉంటే మాత్రం ఇది కుదరదు.