రోమ్ నుంచి ఓర్వియేతో: రైల్లో ఒక్క రోజు ట్రిప్

రోమ్ వెళ్తున్నవాళ్లు ఒక రోజు ఇటలీలోని ఓర్వియేతో అనే ఊరికి కేటాయించండి. రోమ్‌లోని తెర్మినీ స్టేషన్ నుంచి రీజనల్ రైల్లో (చుట్టుపక్కల ఊళ్లకి నడిచే మామూలు రైలు) సుమారు గంటంపావు ప్రయాణం. రీజనల్ టికెట్ ధర ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకటే, సీటు రిజర్వేషన్ ఉండదు. పేపర్ టికెట్ కొంటే మాత్రం ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మెషీన్‌లో పెట్టి తేదీ ముద్ర వేయించుకోవాలి. మా పక్క సీటాయన ఇది మర్చిపోయి జరిమానా కట్టాడు, చూస్తే పాపమనిపించింది.

ఊరు కొండ మీద, స్టేషన్ కింద. కంగారు పడకండి, స్టేషన్ ఎదురుగానే కేబుల్ రైలు ఉంది. కొన్ని నిమిషాల్లో పైన దింపేస్తుంది. దిగగానే పక్కనే సెయింట్ పాట్రిక్ బావి. అందరూ నేరుగా ఊళ్లోని పెద్ద చర్చికి పరిగెడతారు గానీ, కాళ్లు అలిసిపోకముందే బావి చూడటం మంచిది. 248 మెట్లు మరి! 16వ శతాబ్దంలో పోప్ 7వ క్లెమెంట్ తవ్వించాడు. దిగడానికో మెట్లవరస, ఎక్కడానికో మెట్లవరస, రెండూ దారి మధ్యలో ఎక్కడా కలవవు. నీళ్లు మోసే కంచరగాడిదలు ఎదురుపడకుండా చేసిన ఏర్పాటది. ఎండాకాలంలోనూ అడుగున చల్లగా ఉంటుంది, పల్చటి స్వెటర్ ఉంచుకోండి.

తర్వాత నిదానంగా 1290లో మొదలుపెట్టిన చర్చికి నడవండి. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి. ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి, మామూలు రోజైతే మేలు. తిరుగు రైలు టైమింగ్స్ పొద్దున్నే ఫోటో తీసి పెట్టుకోండి, సాయంత్రం టెన్షన్ ఉండదు.