ఎండలు ముదరకముందే: యార్కీని పెంచుకునేవారికి జాగ్రత్తలు

కడపలో ఏప్రిల్ నుంచి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. యార్కీ, అంటే యార్క్‌షైర్ టెర్రియర్, మూడు కిలోలకు కాస్త అటూఇటుగా తూగే, ఇంగ్లండ్ చలిలో ఎలుకలు పట్టడానికి పెంచిన కుక్క జాతి.

అద్దాలు మూసిన కారులో దానిని అయిదు నిమిషాలైనా వదలవద్దు. కుక్క ప్రధానంగా రొప్పుతూనే ఒంటి వేడిని తగ్గించుకుంటుంది కనుక, చుట్టూ ఉన్న గాలే కాగిపోయినప్పుడు ఎంత రొప్పినా ఫలితం లేక ప్రాణం పోతుంది.

వాకిట్లోని కడప బండలపై కుక్కను నడిపించే ముందు మీ చేతి వెనుక వైపును ఏడు సెకన్లు ఆనించి చూడండి; ఓర్చుకోలేకపోతే నడిపించవద్దు. ఆ నల్లబండ పొద్దు గూకాక కూడా సెగ కక్కుతుంది. నేలకు జానెడెత్తు కూడా లేని కుక్క పొట్టకూ ఆ సెగ తగులుతుంది.

మెడపట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. ఈ జాతిలో శ్వాసనాళం మెత్తబడి కుంగడం తరచుగా కనిపిస్తుంది. బాతు కూసినట్టు దగ్గితే పశువైద్యునికి చూపించండి.

జుట్టు గొరిగించవద్దు, కత్తిరిస్తే చాలు. లోపలి ఉన్నిపొర లేనందున చర్మం కమిలిపోతుంది.

చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులను రోజూ వెతకండి. అవి రక్తంలోకి జ్వరాలు తెచ్చే క్రిములను ఎక్కిస్తాయి.

ఎలుకల మందు ఇంట్లో ఎక్కడా పెట్టవద్దు. మందు తిన్న ఎలుకను ఇది పట్టుకుని తింటే దీనికీ విషమెక్కవచ్చు.